చాటెడు తవుడు

యానాం,
18-11-1983.

చిరంజీవి సీతామహాలక్ష్మిని నూరేళ్ళు చల్లగా ఉండమని దీవించి అమ్మ రాసేది.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం, మీ నాన్నగారి ఎడమ మోకాలు తప్ప. వాన పడబోతోందని ఆ మోకాలికి ముందురోజే తెలిసిపోతుంది. నువ్వు పంపిన ట్యూబు మందు పనిచేస్తోందని నాతో మాత్రం చచ్చినా అనరు. కొట్టుకు పప్పూ ఉప్పూ కోసం వచ్చిన ప్రతివాళ్ళకూ "మా అమ్మాయి పాండిచ్చేరి నుంచి పంపింది" అని తీసి చూపిస్తారు. ఆ చూపించడంలోనే సగం ట్యూబు అయిపోయింది. నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను. ఆ హాస్టలు సాంబారుకు నా ఆవకాయ ఎన్నాళ్ళు తోడొచ్చిందో రాయి, ఇంకో జాడీ పంపిస్తాను.

ఇన్లాండు కాగితం చాలదని ఈసారి తెల్లకాగితాలు తీసుకుని కూర్చున్నాను. ఎందుకో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది. ముందు నువ్వడిగిన వాటికి జవాబులు చెప్పేస్తాను.

కవరు మీద "మా తవుడుకు" అని రాయొద్దన్నావు. నీ పక్క మంచం విజయనగరం పిల్ల చదివి, అక్కడి అరవ పిల్లలందరికీ అర్థం చెప్పి నవ్వించిందని ఏడుస్తూ రాశావు. ఓసి పిచ్చిదానా, నీకు ముందు నాకు ముగ్గురు పుట్టి పోయారు. నువ్వైనా నిలవాలని, మనది కాదనుకుని, చాటెడు తవుడుకు నిన్ను పరాయి తల్లికి అమ్మేశాం. ఆవిడ కొనుక్కుని "నా బిడ్డను పెంచి పెట్టు" అని మళ్ళీ నా చేతికే ఇచ్చింది. తవుడు ఖరీదు చేసే పిల్ల మీద యముడి కన్ను పడదని మన వైపు నమ్మకం. ఆ పేరే లేకపోతే ఈవేళ తెల్ల బట్టలు వేసుకుని సూదులు పొడిచే సీతామహాలక్ష్మీ లేదు. అయినా నీకు సిగ్గుగా ఉందంటున్నావు కాబట్టి రాయనులే.

ఎస్తేరు బిడ్డ సంగతి అడిగావు. ఆడపిల్ల. నువ్వు విన్నది నిజమే, ఎనిమిదో నెలలోనే వచ్చేసింది. రెండు కిలోలు కూడా లేదట. ఇంతకుముందు ఇద్దరూ నెల తిరక్కుండా పోయిన తల్లి కదా, ఎవరైనా "పాప ఎలా ఉంది" అని అడిగితే "ఇప్పటికి బాగుందండి" అంటుంది. ఆ "ఇప్పటికి" అనే మాట నాకు కొత్త కాదు. నేను కూడా మూడుసార్లు అలాగే అన్నాను.

ఇక నీ పేరున పిల్లకు మంచి బహుమతి కొనమన్నావు. పైగా కింద గీత గీసి మరీ రాశావు, "మనిషితో పంపకు, నువ్వే వెళ్ళు. మేం పదేళ్ళు కలిసి చదువుకున్నాం, ఒక్కసారి కూడా వాళ్ళ గడప ఎందుకు తొక్కలేదమ్మా" అని. ఆ ప్రశ్నకు కూడా జవాబు ఉంది. ముందు బహుమతి సంగతి చెప్పనీ.

సోమవారం అమ్మిరాజు ఫ్యాన్సీ కొట్టుకు వెళ్ళాను. ముందు గులాబీరంగు నైలాను గౌను తీశాడు, మెడ చుట్టూ లేసు, వెనకాల పువ్వు.

"కాకినాడలో కూడా దొరకదండి. ఇదొక్కటే పీసు మిగిలిందండి ఆయ్," అన్నాడు.

లోపల చెయ్యి పెట్టి చూస్తే చేప పొలుసులా గీరుకుంది. "ఇది పిల్లకేనా నాయనా, గిన్నెలు తోముకోవడానికా?" అన్నాను. తర్వాత గిలక్కాయ తీశాడు. తడి వేలితో రుద్దితే ఎర్రరంగు వేలికి అంటింది. సబ్బూ పౌడరూ నూనే ఉన్న అట్టపెట్టె తీశాడు. నెలలు నిండని పిల్లకు ఆ వాసనలు పనికిరావని నువ్వే రాశావు కదా, అదీ వద్దన్నాను. అరగంట గడిచాక వాడికి విసుగొచ్చి, "ఇంతకీ మీకేం కావాలండీ అమ్మగారూ, చెప్పండి, అదే తెప్పించేత్తాను," అన్నాడు.

నాకేం కావాలో నాకు మాత్రం తెలుసా! చివరికి కింద అరలో మల్లు గుడ్డతో కుట్టిన తెల్ల జుబ్బాలు కనిపించాయి. ముందువైపు నాడాలు కట్టేవి, అరచెయ్యంత. వాటిని పట్టుకోగానే నువ్వే గుర్తొచ్చావు. నీకు నేనే ఇలాంటివి నాలుగు కుట్టాను, కానీ పురిటి రోజుల్లో కుట్టలేదు. నెల దాటాక, ఇక ఉంటుందిలే అని ధైర్యం వచ్చాక కుట్టాను. మూడు జుబ్బాలు కట్టించుకుని, మీ నాన్నగారి పాత పంచె ఒకటి ఉతికి పొత్తిగుడ్డలకు చింపి, మర్నాడు మధ్యాహ్నం రిక్షా ఎక్కకుండా నడిచే కనకాలపేట బయల్దేరాను.

దారి పొడుగునా మీరిద్దరే కనిపించారు. ఒకే గొడుగు, రెండు జడలు, నాలుగు తడిసిన కాళ్ళు. ఎస్తేరు రోజూ పొద్దున్నే వచ్చి వీధిలో నిలబడి "లచ్చీ" అని పిలిచేది. లోపలికి రాకుండా అరుగు మీదే కూర్చునేది. నువ్వు జడ వేయించుకుంటూ లోపల్నుంచి ఎక్కాలు చెబుతుంటే తను బయట్నుంచి తప్పులు దిద్దేది. బళ్ళో మాస్టారు నేర్పిన ఫ్రెంచి ముక్కల్లో మీ ఇద్దరికీ నిలిచింది ఒక్కటే, థాంక్స్ చెప్పే మెర్సీ. చింతకాయ ముక్క ఇచ్చినా మెర్సీ, పలక అరువిచ్చినా మెర్సీ. గౌతమి ఒడ్డున గవ్వలేరి వాటా పంచుకునేటప్పుడు కూడా అదే. ఆ మాట విని కొట్టు ముందు బెంచీ మీద కూర్చునే పింఛను లూయిస్ గారు, ఫ్రెంచి పటాలంలో పనిచేసిన ముసలాయన, టోపీ తీసి మీకు దణ్ణం పెట్టేవాడు, గుర్తుందా? ఎంత హాయిగా ఉండేవే ఆ రోజులు. నడుస్తూ నాలో నేనే నవ్వుకున్నాను.

తర్వాత ఇంకోటి గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. అది కాస్త ఆగి రాస్తాను.

వాళ్ళది రెండు గదుల పెంకుటిల్లు. గుమ్మంలో శాంతమ్మ, అదే, ఎస్తేరు తల్లి, చాటలో బియ్యం పోసుకుని చెరుగుతోంది. నాకంటే నాలుగేళ్ళే పెద్ద, కానీ బాగా వంగిపోయింది.

"ఎవరండీ అదీ? సూపు ఆనట్లేదు, దగ్గరికి రండి," అంది.

"నేనే శాంతమ్మా, కొట్టు వాళ్ళం."

చాట కింద పెట్టేసి లేచి నిలబడింది. "అమ్మగారే! రండి, లోనికి రండి. ఎస్తేరూ, ఎవరొచ్చారో సూడవే!"

లోపల ఎస్తేరు మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. బిడ్డ దాని గుండెల మీద, గుప్పెడంత. నువ్వు చెప్పినట్టే వంటికి ఆనించి వెచ్చగా పడుకోబెట్టుకుంది. నేను జుబ్బాలు ఇచ్చాను, ఇవి లచ్చి తరఫున అని. శాంతమ్మ ఒక జుబ్బా తీసుకుని చెంపకు రాసుకుని చూసింది.

"మెత్తగా ఉన్నాయండి. మా లచ్చి పంపిందా?" అంది. మా లచ్చి అంది. మళ్ళీ చిన్నగా నవ్వి, "మరి అప్పుడు లచ్చికి నేనేం అట్టుకొచ్చానో గురుతుందాండి?" అంది.

గుర్తుంది తల్లీ. గుర్తు లేకేం. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇరవై రెండేళ్ళు నీకు చెప్పకుండా దాచాను. ఇక్కడిదాకా వచ్చాక ఇంకా దాస్తే నేను మనిషినే కాను.

నిన్ను తవుడుకు కొన్నది మెట్టకూరు సత్యవతమ్మ పెద్దమ్మ కాదు. ప్రతి పుట్టినరోజుకూ నీచేత ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టించాను చూడు, అదంతా అబద్ధం. నిన్ను కొన్నది శాంతమ్మ.

అప్పట్లో తను మన కొట్లో బియ్యం చెరగడానికి వచ్చేది. అప్పటికే అయిదుగురు పిల్లలు, అందరూ గట్టిగా ఉన్నారు. ఆఖరిది ఎస్తేరు, నాలుగు నెలల పిల్ల. నువ్వు పుట్టిన మూడో రోజుకు కూడా నాకు పాలు పడలేదు. నీకు ఏడవడానికి కూడా ఓపిక లేదు. ముందు ముగ్గురూ అలాగే ఏడుపు ఆపి పోయారు. మీ మామ్మ చుట్టాల్లో పిల్లలు నిలిచిన వాళ్ళ కోసం కబురు పంపింది, వాళ్ళు వచ్చేసరికి రెండు రోజులు పట్టేట్టుంది. నేను ఆగలేకపోయాను. పెరట్లోకి వెళ్ళి, చెరుగుతున్న శాంతమ్మ చెయ్యి పట్టుకుని "నా పిల్లను కొనుక్కోవే" అని బతిమాలాను.

తను బెదిరిపోయింది. "మాకలాంటియి లేవండి, మా పాస్టరుగారికి తెలిత్తే సంపేత్తారు," అంది. తర్వాత నీ మొహం చూసింది. ఆ రోజు కూలికి వచ్చిన తవుడు చాటలో పోసి నా ముందు పెట్టింది. కళ్ళు మూసుకుని "ప్రభువా, ఇది నా పిల్ల, సూసుకో" అంది. నిన్ను ఎత్తుకుంది. "మరి నా పిల్లయ్యాక ఆకలికి పస్తుంచుతానేటి ఒదినా," అని అక్కడే పెరట్లో కూర్చుని నీకు పాలిచ్చింది. నాకు పాలు పడేదాకా తొమ్మిది రోజులు ఇచ్చింది, ఎవరూ లేవకముందే పెరటి దారిన వచ్చి. ఎస్తేరు తాగగా మిగిలింది కాదే, ముందు నీకిచ్చి తర్వాత తన పిల్లకు ఇచ్చుకునేది.

నువ్వు నిలిచావు. అప్పుడు మీ మామ్మ పంచాయితీ పెట్టింది. పేట మనిషికి పిల్లను అమ్మామని తెలిస్తే రేపు దీనికి పెళ్ళవుతుందా అంది. సత్యవతమ్మ పేరు చెప్పమని నాచేత ఒట్టు వేయించుకుంది. నన్ను వదినా అని పిలవొద్దని శాంతమ్మతో అంది. శాంతమ్మ మర్నాటి నుంచి అమ్మగారూ అనే పిలిచింది. తర్వాత కొన్నాళ్ళకు పని కూడా మానేసింది.

ఇదంతా మీ మామ్మ మీద తోసేసి చేతులు కడుక్కోవచ్చు. కానీ మీ మామ్మ పోయి ఆరేళ్ళైంది. ఆరేళ్ళూ నా నోరు ఎవరు కట్టేశారు? ఆ గూట్లో సత్తు గ్లాసు పెట్టింది కూడా మీ మామ్మ కాదు, నేనే. మీరు బళ్ళో చేరిన కొత్తలో ఎస్తేరు మంచినీళ్ళు అడిగితే వీధి అరుగు గూట్లో వేరే గ్లాసు పెట్టాను. నువ్వు ఎందుకని అడిగితే, ఆ పిల్లకు ఊరికే జలుబు చేస్తుంది, నీకు అంటుకుంటుంది అన్నాను. నువ్వు ఒకరోజు మొండికేసి ఆ గ్లాసుతోనే తాగితే చెంప మీద ఒకటి వేశాను. ఎస్తేరు అంతా చూస్తూ కూర్చుంది. తర్వాత రోజూలాగే తన గ్లాసు తనే కడిగి, గూట్లో బోర్లించి, "మెర్సీ అమ్మగారూ" అని వెళ్ళింది. దారిలో నా నవ్వు ఆగింది ఇక్కడే. దాని తల్లి పాలు తాగి బతికిన పిల్లకు తల్లిని నేను. ఏరు దాటి తెప్ప తగలేశానే తల్లీ. అందుకే ఆ గడప తొక్కలేదు. ఏ మొహం పెట్టుకుని తొక్కను?

శాంతమ్మ అలా అడిగేసరికి నేను మంచం పట్టె మీద కూలబడి ఏడ్చేశాను. "ఊరుకోండి, బాలింత దగ్గర ఏడవకూడదు," అని తనే నన్ను కసిరి, లోపలికి వెళ్ళి స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చి ఇచ్చింది. వాళ్ళింట్లో నేను మొదటిసారి తాగిన కాఫీ. తాగేసి, ఏం చెయ్యాలో తోచక, గ్లాసు కడుగుదామని పెరటి వైపు లేచాను.

ఎస్తేరు కూర్చున్న చోటి నుంచే చెయ్యి చాపి గ్లాసు పట్టుకుంది. "వద్దండీ. మా ఇంటో సుట్టాలసేత గ్లాసులు కడిగించమండి," అంది.

ఆ మాటలో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది.

"నీకు తెలుసా ఎస్తేరూ, మీ అమ్మ లచ్చికి..." అని అడగబోయాను.

"నాకెనిమిదేళ్ళప్పుడే సెప్పిందండి. లచ్చి మన పిల్లే, ఆళ్ళింటో ఏ గ్లాసిచ్చినా తాగెయ్యి, లచ్చికి మాత్రం సెప్పకు, దాని మనసు కట్టపడతాది అని."

చూశావా! నీకు తెలియనిది దానికి తెలుసు. తెలిసి కూడా బడి అయ్యేదాకా ఆ గ్లాసుతోనే తాగింది. ఒక్కనాడు నీతో అనలేదు కదూ?

వచ్చేముందు పాపకు జుబ్బా తొడగవే అన్నాను. ఎస్తేరు తొడగలేదు. జుబ్బాను మడత పెట్టి ఒళ్ళో పెట్టుకుంది. "ముందు ఇద్దరికీ కూడా అందరూ కొత్త బట్టలే తెచ్చారండి. ఒక్కటీ నలగలేదు. పెట్టిలో అలాగే ఉన్నాయి," అంది. అది చెప్పేటప్పుడు పిల్లను ఇంకాస్త దగ్గరికి తీసుకుంది.

అప్పుడు తెలిసింది నాకు, అమ్మిరాజు కొట్లో నాకేం కావాలో.

"శాంతమ్మా, రేపు పొద్దున్న మళ్ళీ వస్తాను. నువ్వు ఇంట్లోనే ఉండు," అన్నాను. తనకు అర్థమైపోయింది. "పాస్టరుగారు..." అని నసిగింది. "అప్పుడు మాత్రం తెలిసిందేటమ్మా?" అంది ఎస్తేరు. ఆ పిల్ల నవ్వడం ఆ రోజు అదే మొదలు.

బుధవారం పొద్దున్నే తవుడు నా చేత్తో నేనే జల్లించాను. మీ నాన్నగారితో సంగతి చెప్పాను. ఆయన తక్కెడ పక్కన పెట్టి, లేచి వచ్చి, చాటలో ఇంకో రెండు దోసిళ్ళు పోసి, "వెలితిగా పట్టుకెళ్ళకు," అన్నారు. అప్పుడు నిన్ను పెరటి చాటున అమ్మాం కదా, ఇప్పుడు బజారు మధ్య నుంచే వెళ్ళాను, పది గంటల వేళ, చాట నెత్తిన పెట్టుకుని. అమ్మిరాజు కొట్లోంచి బయటికొచ్చి చూశాడు. లూయిస్ గారు బెంచీ మీద నుంచి టోపీ తీసి, "ఏం మదామ్, గేదెను కొన్నారా?" అన్నాడు.

"కాదండీ, పిల్లను కొనడానికి వెళ్తున్నాను," అన్నాను. వినాలనుకున్న వాళ్ళందరికీ వినపడేలాగే అన్నాను.

కానీ నా పేరున కొనకూడదు తల్లీ. ముగ్గుర్ని పోగొట్టుకున్న చెయ్యి ఇది. నిలిచినదానివి నువ్వు. అందుకని శాంతమ్మ కొంగు పడితే తవుడంతా అందులో పోసి, "కొట్టు వారి సీతామహాలక్ష్మి కొనుక్కుంటోంది" అన్నాను. శాంతమ్మ ప్రార్థన చేసింది, నేనూ తలవంచుకుని నిలబడ్డాను. ఎస్తేరు పిల్లను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ఎంత తేలికగా ఉందే! నువ్వూ అంతే ఉండేదానివి. వెంటనే తిరిగి ఇచ్చెయ్యాలి, అదే పద్ధతి. నాకు కాస్త ఆలస్యమైంది. "ఇంక ఇచ్చెయ్యండి అమ్మగారూ," అని శాంతమ్మే గుర్తుచేసింది.

"వదినా అంటే ఇస్తాను," అన్నాను.

ఆవిడ కొంగులో తవుడు, చెయ్యి ఖాళీ లేదు, కళ్ళు తుడుచుకోవడానికి. "ఇచ్చెయ్యి ఒదినా," అంది.

"మా బిడ్డను పెంచి పెట్టండి," అని ఇచ్చాను. ఎస్తేరు పిల్లను అందుకుని, ముందురోజు మడత పెట్టిన జుబ్బా తీసి తొడిగింది.

కాబట్టి నువ్వు బహుమతి కొనమన్నావు, నేను బిడ్డనే కొనేశాను. ఇకమీదట దాని మంచిచెడ్డలు నీవి. ఎన్ని గ్రాములు పెరగాలో, సూదులు ఎప్పుడు వేయించాలో నేరుగా ఎస్తేరుకే రాయి. ఈ ఉదయం వెళ్ళి చూశాను, పాలు బాగానే పట్టుకుంటోంది. తవుడు వల్లో, ప్రార్థన వల్లో, నువ్వు చెప్పినట్టు వంటి వెచ్చదనం వల్లో నన్నడక్కు. రేపూ వెళ్తాను.

సత్తు గ్లాసు ఇంకా గూట్లోనే ఉంది. పారేద్దామని చేతిలోకి తీసుకుని మళ్ళీ అక్కడే పెట్టాను. పారేస్తే నా కంటికి కనపడదు, నాకే సుఖం. సెలవులకు నువ్వు వచ్చినప్పుడు నాకు అందులోనే కాఫీ పోసిస్తానంటే పొయ్యి, తాగుతాను. నాతో మాట్లాడనన్నా నోరెత్తను. కానీ బస్సు దిగగానే ముందు మనింటికి రాకు. కనకాలపేట వెళ్ళి, ఇన్నేళ్ళూ సత్యవతమ్మ కాళ్ళకు పెట్టిన దణ్ణాలన్నీ కలిపి శాంతమ్మకు పెట్టి, అప్పుడు రా. ఎంత పొద్దుపోయినా అన్నం వండి ఉంచుతాను.

కవరు మీద ఆ పేరు రాయొద్దన్నావుగా, భయపడకు, ఇక రాయను. గుళ్ళో వాళ్ళు పాపకు బైబిల్లోంచి మంచి పేరే పెడతారట. ఇంట్లో పిలవడానికి ఏదీ అని అడిగితే, "మా లచ్చి పేరు ఉందిగా" అంది శాంతమ్మ. ఆ పిల్ల ఇప్పుడు మా తవుడు.

ఇట్లు,
నీ ఇద్దరు అమ్మల్లో చిన్నది,
అమ్మ.